అయిదో మెట్టు మీద ఎర్ర బొట్టు

బెజవాడలో గిటారు భుజాన వేసుకుని సిటీ బస్సెక్కితే కండక్టరు "దాన్ని ఎక్కడ కూర్చోబెడతావయ్యా?" అని పేచీ పెట్టుకునే కాలం అది. ఇప్పుడు ప్రతి అపార్టుమెంటులోనూ ఒక పిల్లాడు ఫోను ముందు పెట్టుకుని వారం రోజుల్లో గిటారు నేర్చేసుకుంటున్నాడు. వాళ్ళని చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం ఒళ్ళు కూడా మండుతుంది. మాకు అలా కుదరలేదండీ. తొంభైల్లో నిజంగా గిటారు వాయించే మనిషిని కళ్ళారా చూడాలంటే ఏ వినాయక చవితి పందిట్లోకో, పెళ్ళి రిసెప్షన్‌కో ఆర్కెస్ట్రా రావాలి. వచ్చినా అందులో ఇద్దరుంటారు. ఒకాయన పాట వెనకాల ఝణ్ ఝణ్ అని పట్టుకుని నిలబడతాడు, ఆయన రిథమ్. రెండో ఆయన పల్లవికీ చరణానికీ మధ్య, పాడేవాళ్ళు మంచినీళ్ళు తాగుతున్నప్పుడు, ఒక్కడుగు ముందుకేసి ఒక్కొక్క తీగా మీటుతూ పాటనంతా తన నెత్తినేసుకుంటాడు. ఆయన లీడ్. పందిట్లో ఆడపిల్లలు ఎవరివంక చూస్తారో నేను వేరే చెప్పక్కర్లేదు. పధ్నాలుగో ఏట పటమట పందిట్లో చెరుకు ముక్క నములుతూ ఆ దృశ్యం చూశాను. అయితే గియితే లీడ్ గిటారిస్టునే అవ్వాలని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను. (తీర్మానాలు చేసుకోవడంలో నన్ను మించినవాడు మా ఇంటా వంటా లేడు.)

తీర్మానం అమలుకి ఆరేళ్ళు పట్టింది. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా బాబాయి కొడుకు మోజుపడి తెచ్చుకున్న ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు మూడు నెలల్లో విసుగొచ్చి నాకు తగిలించాడు. అది పట్టుకుని సరాసరి మా పేటలో గిటారు నేర్పే మాస్టారి దగ్గరికి వెళ్ళిపోయాను. ఆయన పగలంతా పటమటలో చిన్న కొట్లో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు. సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో లీడ్. మనిషి సన్నగా, బీరకాయలా ఉండేవారు. నోట్లోంచి మాట ఊడిపడటం గగనం. అందర్నీ "నాయనా" అనేవారు, తిట్టేటప్పుడు కూడా. నా గిటారుని అటూ ఇటూ తిప్పి చూసి, "తీగలు తుప్పు పట్టాయి నాయనా, కుర్రాడివి నువ్వు కూడా పట్టకముందు మొదలుపెడదాం" అన్నారు. అదే నాకు జరిగిన విద్యారంభం.

మొదటి నెలంతా ఒక్కటే పని. చూపుడు వేలుని ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టడం. వినడానికి తేలిగ్గా ఉంది కదూ? ఒకసారి పెట్టి చూడండి. తీగల్లో సగం మూగబోతాయి, మిగతా సగం ఈగ సీసాలో పడ్డట్టు జుయ్యిమంటాయి. వేలు పడుకున్నాక మిగతా మూడు వేళ్ళూ తలో తీగ మీద పెట్టి మీటితే అప్పుడొక కార్డ్, అంటే ఒక్కసారిగా కలిసి పలికే స్వరాల గుత్తి. ఆ వేళ్ళ అమరిక చెదరకుండా చెయ్యి మొత్తం పక్క మెట్టుకి జరిపితే ఇంకో కార్డ్. మెట్టంటే గిటారు మెడ మీద అడ్డంగా ఇత్తడి కమ్మీలుంటాయి చూశారూ, వాటి మధ్య జాగా. తర్వాత స్వరాల వరస నేర్పారు. తీగకి రెండు చోట్ల చొప్పున ఆరు తీగల మీద పన్నెండు చోట్లు. అన్నీ కలిపితే వేళ్ళ కింద ఒక చిన్న పెట్టెలా ఉంటుంది. లీడ్ వాయించేవాడి సంసారమంతా ఆ పెట్టెలోనే.

"ఇటుకల బట్టీ ఎప్పుడైనా చూశావా నాయనా?" అన్నారు మాస్టారు.

"చూశానండీ, కంకిపాడు వెళ్ళే దారిలో."

"అచ్చు ఒకటే ఉంటుంది. ఇక్కడ పెట్టి మట్టి కొడితే ఇక్కడ ఇటుక. పక్కకి జరిపి కొడితే అక్కడ ఇటుక. ఇదీ అంతే. ఆరో తీగ మీద నీ చూపుడు వేలు ఎక్కడుంటే అదే సా. పాట శ్రుతి పైకెళ్తే అచ్చు పైకి జరుపు, కిందికొస్తే కిందికి జరుపు. వేళ్ళు మారవు, వరస మారదు, చెయ్యే జరుగుతుంది. అర్థమైందా?"

"అయిందండీ" అన్నాను వెంటనే. ఏమీ కాలేదు. ఆ వయసులో నాకు అర్థం కాలేదని ఒప్పుకోవడం కంటే కాలవలో దూకడం తేలికగా ఉండేది. ఇంటికొచ్చాక చూస్తే పన్నెండు చోట్లలో నాకు గుర్తున్నవి నాలుగు. మర్నాడు ఆ నాలుగూ కూడా వేరేచోట గుర్తొచ్చాయి. తల పట్టుకుని కూర్చుంటే అద్దం దగ్గర మా అక్క పెళ్ళై వెళ్తూ వదిలేసిన బొట్టుబిళ్ళల అట్టలు కనిపించాయి. ఇంకేముంది, బుర్ర పాదరసంలా పనిచేసింది. అయిదో మెట్టు దగ్గర మొదలుపెట్టి, సా వచ్చే మూడు చోట్లా పెద్ద ఎర్ర బొట్లు, మిగతా తొమ్మిది చోట్లా చిన్న మెరూన్ బొట్లు అంటించాను. ఆహా, ఎంత సుఖంగా ఉందో! ఇక గుర్తుపెట్టుకునే బాధే లేదు. బొట్టున్న చోటల్లా వేలు వేసుకుంటూ పోవడమే. మా అమ్మ అటుగా వెళ్తూ చూసి, "దానికి పసుపు కూడా రాయకపోయావా, బాగుంటుంది" అంది.

మరుసటి పాఠానికి వెళ్ళినప్పుడు మాస్టారు కళ్ళజోడు పైకెత్తి చూశారు. "ఏంటి నాయనా, గడపకి పెట్టినట్టు మెట్లకి బొట్లు పెట్టావు?" అన్నారు. గుర్తుకోసమండీ అని నసిగాను. "అచ్చుని నేలలో పాతేస్తే ఎన్ని ఇటుకలొస్తాయి? ఒక్కటే వస్తుంది. పీకెయ్యి" అన్నారు. పీకేశాను. ఇంటికెళ్ళగానే మళ్ళీ అంటించాను. అక్కడి నుంచి పాఠం రోజు పీకడం, ఇంటికొచ్చి అంటించడం. విద్య కంటే ఈ పనిలోనే నాకు ఎక్కువ చెయ్యి తిరిగింది. పాఠంలో బొట్లు లేకుండా నేను తడబడుతుంటే, "ఇంట్లో బాగా వస్తుందండీ" అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. నిజంగానే ఇంట్లో బాగా వచ్చేది, ఒక్క శ్రుతిలో, ఒక్క పాటకి. ఆ పాట పేరు చెప్పను. చెబితే అది చేసిన సంగీత దర్శకుడి అభిమానులు నా మీదికొస్తారు.

ఇలా మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతున్న నా సాధనలోకి మా అక్క ఫోను వచ్చిపడింది. మాకు ఫోను లేదు, పక్కింటివాళ్ళ నంబరే. పక్కింటి పిన్నిగారు ప్రహరీ మీద నుంచి కేకేస్తే పరుగెత్తాను. అక్కకి పెళ్ళయి అప్పటికి ఏడాది. ఉయ్యూరులో ఇచ్చాం. ముప్ఫై మంది భోంచేసే ఉమ్మడి కుటుంబం, చెరుకు వ్యవసాయం. బావ మెత్తని మనిషే గానీ, ఇంట్లో మాట చెల్లేది అక్క అత్తగారిది. ఆవిడ అక్కని ఒక్క మాట అనేది కాదు. అసలు పలకరించేదే కాదు, అదీ బాధ. పెద్ద తోడికోడలి పుట్టింటివాళ్ళు డాక్టర్లు, రెండో తోడికోడలి అన్నయ్య ఇంజినీరు. మా నాన్న గుమాస్తా, నేను డిగ్రీ తప్పుతూ పాసవుతూ ఉన్నవాణ్ణి. భోజనాల దగ్గర పుట్టిళ్ళ కబుర్లు వచ్చినప్పుడల్లా మా అక్క పులుసు గిన్నె తేవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయేదట.

"ఒరేయ్, మొన్న అత్తయ్యగారు నాతో మాట్లాడారురా!" అంది అక్క. గొంతులో సంబరం చూస్తే లాటరీ తగిలిందనుకున్నాను. "మీ తమ్ముడు ఏం చేస్తాడమ్మాయ్ అని అడిగారు. నాకేం చెప్పాలో తోచక, వాడు లీడ్ గిటారండీ, ఆర్కెస్ట్రాల్లో వాయిస్తాడు, బెజవాడంతా తెలుసు అనేశాను."

"బెజవాడంతానా? అక్కా, మా వీధికే సరిగ్గా తెలీదే!"

"అనేశానురా, ఏం చెయ్యను! ఇప్పుడు పెద్దబావగారి అబ్బాయికి పంచెల ఫంక్షన్ పెట్టుకున్నారు, మీ మాస్టారి ఆర్కెస్ట్రానే పిలుస్తారట. అయితే ఆ రోజు మీ తమ్ముణ్ణే వాయించమను, మేమూ వింటాం అన్నారు. ఆవిడకి సంగీతం తెలుసట కూడాను, చిన్నప్పుడు నేర్చుకున్నారట. మొదటిసారి నన్నొకటి అడిగారురా ఆవిడ. నువ్వు గనక పరువు తీశావంటే ఇక ఈ ఇంట్లో నేను జన్మంతా పులుసు గిన్నె మోస్తూనే ఉంటాను." నవ్వుతున్నట్టే అంది గానీ నవ్వు కాదది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చిన మనిషి. "సరే అక్కా, దున్నేస్తాను చూడు" అనేశాను. ఫోను పెట్టి సరాసరి మాస్టారి కొట్టుకి పరుగెత్తాను.

మాస్టారి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన ఒప్పుకోకపోతే ఉయ్యూరు మొహం చూడలేనని చెప్పాను. ఆయన ఏదో రేడియోకి టంకం పెడుతూ విని, పొగ ఊదుకుని, "ఒక్క పాట. నేను రిథమ్ పట్టుకుంటాను, నువ్వు లీడ్ తీసుకో. ఏ పాట వచ్చు?" అన్నారు. ఆ ఒక్క పాటే చెప్పాను. మూడు వారాలు ఆ పాటలో చరణాల ముందు వచ్చే రెండు గిటారు బిట్లు తప్ప వేరే లోకం లేదు నాకు. మా వీధిలో పాలబ్బాయి కూడా ఆ బిట్ ఈల వేస్తూ పాలు పోసేవాడు. పక్కింటి పిన్నిగారు మా అమ్మతో, "అక్కయ్యా, మీవాడికి ఆ పాటలో మాటలు కూడా ఉంటాయని ఎవరైనా చెప్పండి" అందట. నేను పట్టించుకోలేదు. కళ్ళు బొట్ల మీద, వేళ్ళు బొట్ల మీద. ఒక్క తప్పు లేదు. నన్నడిగితే ఆ అయిదో మెట్టు దగ్గర అప్పటికి నన్ను కొట్టేవాడు కృష్ణా జిల్లాలో లేడు.

ఫంక్షన్ పగటిపూట. శివరాత్రి వెళ్ళి ఎండ ముదురుతున్న రోజులు. పొద్దున్నే వ్యానులో స్పీకర్లు, డ్రమ్ములు, మధ్యలో మమ్మల్ని కుక్కుకుని బందరు రోడ్డు పట్టాం. ఉయ్యూరు దగ్గర పడేసరికి రోడ్డంతా చెరుకు బళ్ళు, గాలంతా ఫ్యాక్టరీ నుంచి వచ్చే బెల్లం మడ్డి వాసన. మామూలప్పుడైతే నాకు ఆ వాసనంటే ఇష్టం. ఆ రోజు ముక్కు మూసుకుని కూర్చున్నాను. కల్యాణ మండపం గుమ్మంలోనే అక్క అత్తగారు నిలబడి ఉంది. జరీ అంచు చీర, ముక్కుకి రెండు పక్కలా పుడకలు, కొలిచినట్టు చూసే కళ్ళు. "నువ్వేనా అబ్బాయ్ బెజవాడంతా తెలిసినవాడివి?" అంది. నమస్కారమండీ అన్నాను. "ముందు టిఫిన్ చెయ్యి, తర్వాత విందాం" అంది. ఆ విందాం అన్న మాట నాకు పరీక్ష హాల్లో గంట కొట్టినట్టు వినిపించింది.

అక్క నన్ను చెయ్యి పట్టుకుని వంటశాల పక్కకి లాక్కెళ్ళింది. పట్టుచీర కట్టుకుంది, కొత్త గాజులు వేసుకుంది, మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. "బాగా వచ్చుగా?" అంది. వచ్చక్కా అన్నాను. "ఒట్టు?" అంది. ఒట్టన్నాను. నా ఎడమచెయ్యి తిప్పి చూసింది. వేళ్ళ కొసలు తీగలకి కోసుకుపోయి, మానిపోయి, గట్టిగా కాయలు కట్టి ఉన్నాయి. వాటిని బొటనవేలితో మెల్లగా నొక్కి, "నా నోరు ఊరుకోదురా, నీకీ తిప్పలు తెచ్చిపెట్టాను" అంది. ఇంతలో లోపల్నుంచి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. స్టేజి వెనక్కి వెళ్ళి, ఎవరూ చూడకుండా జేబులోంచి అట్ట తీసి, పన్నెండు బొట్లూ మళ్ళీ కొత్తగా, గట్టిగా అంటించుకున్నాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆర్కెస్ట్రాలో శ్రుతి మార్చడమనేది పెద్ద విషయం కాదు. పాడేవాళ్ళకి గొంతు ఎలా ఉంటే అలా. కీబోర్డు ఆయనకి ఒక మీట ఉంటుంది, రెండుసార్లు నొక్కితే శ్రుతి రెండు మెట్లు దిగిపోతుంది, ఆయన వేళ్ళు మాత్రం అవే చోట ఆడుతుంటాయి. డ్రమ్ములకి శ్రుతితో పేచీ లేదు. గిటారువాళ్ళకి ప్రత్యేకంగా ఎవరూ చెప్పరు, చెవినపడితే చాలు, చెయ్యి జరుపుకుంటారు. గిటారువాడై ఉండి చెయ్యి జరపడం రానివాడు ఉంటాడని ఏ ఆర్కెస్ట్రావాడూ కలలో కూడా అనుకోడు. ఆ రోజు మా సింగరక్క, అంటే మా ఆర్కెస్ట్రాలో పాడే ఆవిడ, ముందురోజు ఎక్కడో ప్రోగ్రాంలో పాడి పాడి గొంతు పట్టేసి వచ్చింది. మా పాట ముందు కీబోర్డు ఆయన వైపు వంగి, "అన్నా, రెండు దించు, పైకి లేవట్లేదు" అంది. ఆయన మీట నొక్కాడు. మాస్టారు విన్నారు. డ్రమ్ముల ఆయన కూడా విన్నాడు, ఆయనకి అవసరం లేకపోయినా. నేను మాత్రం ఆ సమయానికి జనంలో అక్క ఎక్కడుందా అని మెడ సాచి వెతుక్కుంటున్నాను. అక్క కనపడలేదు. ముందు వరసలో, సరిగ్గా నా ఎదురుగా, ప్లాస్టిక్ కుర్చీలో అత్తగారు కనిపించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒక వేలితో తాళం వేస్తోంది. ఓరి నాయనో, నిజంగానే నేర్చుకుంది ఈవిడ!

పల్లవి అయింది. సింగరక్క పక్కకి తిరిగి దగ్గింది. మాస్టారు నావైపు తల ఊపారు. నేను ఒక్కడుగు ముందుకేశాను, పధ్నాలుగో ఏట చూసిన ఆ లీడ్ ఆయన లాగే. ఎడమ చూపుడు వేలు ఎర్ర బొట్టు మీద. మీటాను.

ఏం చెప్పమంటారు. ముంగిస, పాము ఒకే గోతాంలో పడ్డట్టు మోగింది. మొదట స్పీకరు పాడైందనుకున్నాను. రెండో స్వరం వేశాను, మూడోది వేశాను, బొట్టు మీద బొట్టు తప్పకుండా వేస్తూనే ఉన్నాను, ఒక్కటీ పాటకి అతకడం లేదు. పంచె కట్టుకుని సింహాసనం లాంటి కుర్చీలో కూర్చున్న పిల్లాడు నోరు తెరిచి నావైపు చూస్తున్నాడు. అత్తగారి వేలు తాళం ఆపేసింది. నా వీపంతా చెమట. ఏదో తేడా ఉంది, దిగాలేమో అనుకుని ఒక్క మెట్టు కిందికి జరిపాను. అది ఇంకా ఘోరం! మొదటిది వంకరగా ఉంటే ఇది పళ్ళు పులిసిపోయేలా ఉంది. ఇక పారిపోదామా, కళ్ళు తిరిగి పడిపోదామా అని రెండే దారులు కనిపించాయి. నా కళ్ళ ముందు పులుసు గిన్నె పట్టుకున్న అక్క. దిక్కుతోచక పక్కకి చూశాను.

మాస్టారు నన్ను చూడ్డం లేదు. తిట్టడం లేదు, సైగ చెయ్యడం లేదు. ఝణ్ ఝణ్ అని వాయించుకుంటున్నారు. కాకపోతే గిటారు మెడని కొంచెం నావైపు తిప్పి పట్టుకున్నారు. ఆయన చూపుడు వేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడుకుని ఉంది. ఈ పాటకి అది ఎప్పుడూ ఉండే అయిదో మెట్టు దగ్గర కాదు. మూడో మెట్టు దగ్గర. మిగతా మూడు వేళ్ళూ దాని వెనకాల, అదే అమరికలో, పిల్లల్ని వెంటేసుకొచ్చిన తల్లిలా. అప్పుడు దిగిందండీ నా మట్టిబుర్రకి. వేళ్ళు మారవు, వరస మారదు, చెయ్యి జరుగుతుంది. ఇంకొక్క మెట్టు జరపాలి, అంతే! జరిపాను. అక్కడ బొట్లు లేవు. ఉత్త నల్లటి కర్ర. కళ్ళు మూసుకుని చూపుడు వేలు ఆరో తీగ మీద ఆనించి మీటాను. సా పలికింది. గుడిగంటలా, నిండుగా, పాటలో సరిగ్గా వచ్చి కూర్చుంది. అమ్మయ్య! నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు. తర్వాత స్వరాలు నేను వెతుక్కోలేదు, వాటి దారిన అవే వేళ్ళ కిందికి వచ్చాయి. మూడు వారాలు వీధి వీధంతా తిట్టుకుంటూ విన్న ఆ వరస నా కళ్ళల్లో లేదు, చేతిలోనే ఉందని అప్పుడు తెలిసింది. రెండో చరణం ముందు బిట్ వచ్చేసరికి భయం పోయింది. కళ్ళు తెరిచి, నవ్వుతూ, చివర్లో ఒక తీగని కాస్త లాగి వదిలాను కూడా. మాస్టారు నేర్పని పని అది. జనం చప్పట్లు కొట్టారు. (పంచెల పిల్లాడి మీద ఎవరో అప్పుడే అక్షింతలు కూడా వేశారు, అందులో చప్పట్లు ఎవరివి ఎవరికో నేను గట్టిగా చెప్పలేను.)

స్టేజి దిగాక చూసుకుంటే ఉంగరం వేలికి ఒక మెరూన్ బొట్టు అంటుకుని ఉంది. మిగతావి చెమటకి జారి తలో దిక్కూ పోయాయి. మాస్టారు గిటారు తుడుచుకుంటూ, "ఇవాళ రెండు ఇటుకలు కోశావు నాయనా" అన్నారు. తిట్టో మెప్పో తెలియలేదు. ఆయన నవ్వడం మాత్రం అదే మొదటిసారి చూడ్డం. అమాంతం వంగి కాళ్ళకి దణ్ణం పెట్టేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు మా నాన్నేమో అనుకున్నారు.

భోజనాల దగ్గర అత్తగారు నా విస్తరి ముందుకొచ్చి నిలబడింది. "అబ్బాయ్, మొదట్లో అదోలా పోనిచ్చి, దారి తప్పినట్టు తప్పి, టక్కున లోపలికొచ్చి శ్రుతిలో పడ్డావు చూడు, అది కావాలనే చేశావు కదూ?" అంది. నేను నోటినిండా పప్పన్నం ఉండబట్టి తల మాత్రం ఊపాను. నిలువునా ఊపానో అడ్డంగా ఊపానో నాకు ఈ రోజుకీ గుర్తులేదు. ఆవిడ నిలువుగానే తీసుకుంది. "అనుకున్నాను. చిన్నప్పుడు నాకు నేర్పిన మాస్టారు కూడా అలాగే చేసేవారు. విద్వత్తున్నవాళ్ళే చేస్తారు ఆ పని" అని వడ్డించేవాణ్ణి పిలిచి నా విస్తట్లో తనే దగ్గరుండి ఇంకో రెండు బూరెలు వేయించి, నెయ్యి పోయించింది. వెళ్తూ వెళ్తూ, "మా మూడో కోడలేదీ? వాళ్ళ తమ్ముడు భోంచేస్తుంటే పక్కన ఉండొద్దూ?" అని నలుగురికీ వినపడేలా అరిచింది.

నిజమే, అక్కేదీ? చెయ్యి కడుక్కుని మండపమంతా వెతికాను. బావనడిగితే ఇందాకట్నుంచీ కనపడలేదన్నాడు. చివరికి వంటశాల వెనక సామాన్ల గదిలో దొరికింది. అప్పడాల డబ్బాలకీ నూనె టిన్నులకీ మధ్య పీట మీద కూర్చుని, పట్టుచీర కొంగు రెండు చెవుల్లో కుక్కుకుని, గోడవైపు చూస్తోంది. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడింది. "అయిపోయిందా?" అంది. అయిపోయి గంటయింది, భోజనాలు కూడా అవుతున్నాయన్నాను. "ఎలా... ఏమన్నారు?" అంది. అత్తగారన్న మాటలు ఒక్కటి వదలకుండా చెప్పాను. మూడో కోడలేదీ అని అరిచిందన్న దగ్గరికి వచ్చేసరికి అక్క మొహం అటు తిప్పుకుని, ఇందాకట్నుంచీ బిగబట్టిందంతా ఒక్కసారి వదిలేసి భోరుమని ఏడ్చింది. వెంటనే నవ్వింది. మళ్ళీ ఏడ్చింది. నాకూ ఆగలేదు. ఇద్దరం అక్కడే నూనె టిన్నుల మీద కూర్చుని, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం.

"అది సరేగానీ, నేను వాయించింది నువ్వు వినలేదా?" అన్నాను కాస్త తేరుకున్నాక.

"ఒక్క ముక్క వినలేదురా. నీ పాట పేరు మైకులో చెప్పగానే పరుగెత్తుకొచ్చి ఇక్కడ కూర్చున్నాను. వింటే గుండె ఆగిపోతుందనిపించింది" అంది. మొదట కొంచెం చివుక్కుమంది. ఎవరికోసం వాయించానో ఆ మనిషే వినలేదు. తర్వాత ఆ ముంగిసా పామూ గుర్తొచ్చి, ఏ దేవుడు అక్క చెవుల్లో కొంగు పెట్టించాడో గానీ ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. కళ్ళు తుడుచుకుని అక్క బయటికి నడిచింది. ఆ నడక నాకు బాగా జ్ఞాపకం. మండపం మధ్యలోంచి, అందరూ చూస్తుండగా, ఏ గిన్నే చేతిలో లేకుండా నడిచి వెళ్ళి అత్తగారి పక్క కుర్చీలో కూర్చుంది. ఆవిడ చెంబుతో మంచినీళ్ళు ఇచ్చింది, తాగు అని.

తర్వాత ఆ ఆర్కెస్ట్రాలో నేను నాలుగేళ్ళు వాయించాను, అన్ని మెట్ల మీదా, బొట్లు లేకుండా. ఆ తర్వాత గిటారు శబ్దాన్ని కూడా కీబోర్డే చేసేసే రోజులొచ్చాయి, నాకూ ఒక ఆఫీసులో కుర్చీ దొరికింది, వేళ్ళ కొసల మీద కాయలు మెత్తబడిపోయాయి. మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. లీడ్ గిటారిస్టుగా నేను లోకాన్ని ఏలలేదన్న బాధ ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. ఉయ్యూరులో మాత్రం నా పేరు చెక్కుచెదరలేదండీ. దానికి కారణం మా అక్క. ఇంట్లో కొత్త కోడలు అడుగుపెట్టినా, మనవడు మనవరాలు అడిగినా, ఆవిడ ఆ రోజు కథ మొదలుపెడుతుంది. "మా తమ్ముడు ఆ బిట్ అందుకున్నాడు చూడు, వంటవాళ్ళు గరిటెలు దించేశారు. మొదట అలా మెలికలు తిప్పి, అత్తయ్యగారు ఏమవుతుందా అని చూస్తుండగానే టక్కున శ్రుతిలో దిగాడు. నా ఒళ్ళంతా పులకరించిపోయింది" అని, నోటితో ఆ వరస కూడా పాడి వినిపిస్తుంది. ప్రతి ఏడూ అందులో ఒక కొత్త సంగతి చేరుతోంది. పోయినసారి వెళ్ళినప్పుడు విన్న దాంట్లో నేను కళ్ళు మూసుకుని పావుగంట వాయించానట. సామాన్ల గది సంగతి ఆవిడ ఎప్పుడూ చెప్పదు, నేనూ ఎత్తను. ఆవిడకి నిజంగా విన్నట్టే ఉందో ఏమో, ఆ కళ్ళల్లో మెరుపు చూస్తే అలాగే అనిపిస్తుంది. నేను మూల కుర్చీలో కాఫీ తాగుతూ పిల్లలతో పాటు బుద్ధిగా వింటాను. వింటూ వింటూ ఉంటే, ఎవడో గానీ ఆ కుర్రాడు మహా గొప్పగా వాయించాడే, ఒక్కసారైనా వాడి కచేరీకి వెళ్ళి కూర్చోలేకపోయానే అనిపిస్తుంది.